జున్నుపాల మేడం

మేడం పోయిన కబురు నాకు పాలాయన నోట తెలిసింది. హన్మకొండలో మా రెండిళ్ళకూ ఆయనే పాలు పోస్తాడు. ముందు మేడం వాళ్ళ వీధి, తర్వాత మాది. ఆ రోజు ఆరున్నరకు గిన్నె పట్టుకొని గేటు దగ్గరికి వెళ్తే, పాలు కొలవకుండా క్యాను మూత మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు.

"అమ్మా, మీ మేడం ఇంట్ల ఇయ్యాల్టి సంది పాలు వద్దన్నరు."

"ఊరికి పోయిందా?"

"లేదమ్మా. పొద్దుగాల పనామె లేపుదామని పోతె లేవలేదంట. నిద్రలనే పాణం పోయింది."

నేను ఆయన మీద కసురుకున్నాను. "నిన్న పొద్దుమీకి ఫోన్ల మాట్లాడింది నాతోని. నీకు ఎవరు చెప్పిన్రు? ఎట్ల తెలుసు?" అని గద్దించాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. "ఎట్ల తెలుసు?" అనేది నా మాట కాదు, ఆమెది. పాలాయన తువ్వాలతో మొహం తుడుచుకొని, నా గిన్నె నింపి, కొసరు కూడా పోసి వెళ్ళిపోయాడు. ఆ పాలు పొయ్యి మీద పొంగి బండంతా కారేదాకా నేను వంటింట్లో అలాగే నిలబడి ఉన్నాను.

ఆమె నాకు కాలేజీలో జీవరసాయనశాస్త్రం చెప్పింది, తర్వాత నా పరిశోధనకు గైడుగా ఉంది. డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. పొద్దున రైలెక్కి వరంగల్ వచ్చి చదువుకుని, రాత్రికి ఇల్లు చేరిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "రైలు తప్పిపోయింది" అని నవ్వేది. ఆమె దగ్గర నేను ఎన్నో నేర్చుకున్నాను. కానీ నిజంగా నాకు కావలసిన ప్రశ్న ఒక్కటే అడిగాను. దానికి జవాబు ఇవ్వకుండానే పోయింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ జవాబు లేకపోవడం గురించే.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఒక ప్రోటీన్ గురించి చెప్పాలి. విసుక్కోకండి, మేడం అయితే దీన్ని వంటింటి ముచ్చటలాగా చెప్పేది. దాని పేరు లాక్టోఫెరిన్. పేరులోనే పాలూ ఉన్నాయి, ఇనుమూ ఉంది. శరీరం దాన్ని తయారుచేసి తన దగ్గర దాచుకోకుండా బయటికి వదులుతుంది. అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదటి రోజు పాలలో. మనుషుల్లో వాటిని ముర్రుపాలంటాం, పశువుల్లో జున్నుపాలంటాం. రోజులు గడిచేకొద్దీ పాలలో అది తగ్గిపోతుంది.

"సూక్ష్మజీవికి ఇనుము బువ్వ లెక్క," అని మొదలుపెట్టేది మేడం, బోర్డు వైపు తిరగకుండా. "ఈ ప్రోటీన్ ఏం జేస్తది? రెండు చేతులల్ల రెండు ముద్దలు గట్టిగ పట్టుకుంటది. నీకియ్య పో అంటది. కత్తి లేదు, కట్టె లేదు, ఉపాసం పెట్టి పడగొడ్తది. కడుపుల పడి ముక్కలైనంక గూడ ఊకుంటదా? ఆ ముక్కలు పోయి సూక్ష్మజీవి గోడకు పొక్క పెడ్తయి. ఇంకో దిక్కు పేగు పొరను పెరుగుమంటది. వాపును చల్లారుమంటది. ఎముక కట్టే కణాలకు పని పురమాయిస్తది. ఒక్కతె ఎన్ని పనులు! అచ్చం ఇల్లాలు. అందుకనే ఎవ్వలు పట్టించుకోరు."

క్లాసంతా నవ్వేది. ఆమె నవ్వేది కాదు. కళ్ళద్దాలకు కట్టిన నల్లదారం మెడ వెనక సర్దుకుని, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని, "ఇప్పుడు నేను చెప్పిన అన్నిట్ల ఏవి గాజు గిన్నెల జరిగినయి, ఏవి ఎలుకల, ఏవి మనిషిల? వేరువేరు రాసుకురాపోండ్రి" అనేది. రాసుకుపోతే ప్రతి వాక్యం పక్కన ఎర్రసిరాతో అదే మాట: ఎట్ల తెలుసు? నా మొదటి సంవత్సరం నోటుపుస్తకం ఇప్పుడు తిరగేస్తే నా రాత కంటే ఆమె ఎర్రసిరానే ఎక్కువ కనిపిస్తుంది. అప్పుడు ఎంత తిట్టుకున్నానో ఆ ఎరుపును.

మా పని బర్రె జున్నుపాల నుంచి ఆ ప్రోటీన్ తీయడం. పాలు ఎక్కడివి? ధర్మసాగర్ దగ్గర ఊళ్ళలో బర్రెలు ఈనినప్పుడు మేమే వెళ్ళి తెచ్చుకోవాలి. జున్నుపాలు అమ్మితే బర్రెకు మంచిది కాదని నమ్మకం కాబట్టి ఎవరూ పైసలు ముట్టరు. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి పంపొద్దు. మేడం ప్రతి గిన్నెలో అరటిపళ్ళో బెల్లం ముక్కో పెట్టి పంపేది. సైన్సు మనిషికి ఇవేం పట్టింపులని నేను వెక్కిరిస్తే, "వాళ్ళింటికి పోయినప్పుడు వాళ్ళ లెక్క" అనేది.

మొదటిసారి ఒక ఊరి నుంచి కబురొచ్చింది, బర్రె ఈనింది, పాలు పంపిస్తున్నామని. మేం ఐసు సిద్ధం చేసి, పాలు తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషన్ ఖాళీగా పెట్టి కూర్చున్నాం. పదకొండింటికి స్టీలు టిఫిన్ వచ్చింది. మూత తీస్తే యాలకుల వాసన. బెల్లం, మిరియాలు వేసి, ఆవిరి మీద చక్కగా ఉడికించి, ముక్కలు కోసి మరీ పంపింది ఆ ఇంటావిడ. చదువుకునే పిల్లలు పచ్చిపాలు ఏం చేసుకుంటారని జాలిపడిందట! ఉడికితే ప్రోటీన్ గడ్డకట్టి పాడైపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. నాకు ఏడుపొచ్చింది. మేడం చెంచా తెప్పించి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ప్రయోగం పోయింది. జున్ను మంచిగున్నది. తినండ్రి," అంది. అందరం తిన్నాం.

రెండోసారి నేనే ఐసు డబ్బా పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి బర్రె పక్కన కూర్చున్నాను, మళ్ళీ ఎక్కడ వండేస్తుందోనని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "గింత సదువుకొని బర్రె కాడ కూసున్నవు, నీకు పేడ వాసన రాదా పిల్లా?" అని అడిగింది. "వస్తాంది. అయితె ఏంది?" అన్నాను. ఆ జవాబు నచ్చిందట. మూడు నెలలకు ఆవిడ కొడుకు సంబంధం మా ఇంటికొచ్చింది. అలా ఆవిడ మా అత్తమ్మ అయ్యింది. మేడం మా పెళ్ళికి వచ్చి, "జున్ను వండి పిల్లను గుంజుకున్నవు గదమ్మా" అని అత్తమ్మను ఆటపట్టించింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అప్పటికే ఆమెను జున్నుపాల మేడం అని పిలిచేవాళ్ళు.

ఆ రోజుల్లో మేడం క్లాసులో తరచు అనే మాట ఒకటుంది. "బర్రెకున్న మర్యాద బాలింతకు లేదు. బర్రె మొదటి పాలు బెల్లం పోసి వండుకుంటం. మనిషి మొదటి పాలు గోడకు పిండుతం." ఇప్పుడు ఆ అలవాటు చాలా తగ్గింది. దవాఖానలో నర్సులు చెప్తున్నారు, ఊళ్ళో ఆశావర్కర్లు చెప్తున్నారు. కానీ పూర్తిగా పోలేదు. ఎట్ల తెలుసు అని అడుగుతారా? నాకు తెలుసు.

పరిశోధన మూడో ఏడు నడుస్తుండగా నేను గర్భవతినయ్యాను. ఏడున్నర నెలలకే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత. పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ సాయంత్రం నా రొమ్ముల్లో చిక్కగా, పచ్చగా నాలుగు చుక్కలు కనిపించాయి. అత్తమ్మ నా పక్కన కూర్చుని, ఎంతో మెల్లగా, నొప్పి పుట్టకుండా వాటిని ఒక పాత చీరముక్కలోకి పిండేసింది.

"మూడొద్దుల దాక అవి పాలు కావు బిడ్డా. సీము లెక్క. గింత పిల్లకు అరగయి," అంది. మా అమ్మ అవతల పక్కన తల ఊపింది.

నర్సు చిన్న స్టీలు కప్పు పట్టుకుని వచ్చింది. "పాలు పిండియ్యుండ్రమ్మా. రెండు చుక్కలైనా పర్వాలేదు, పాపకు పెడ్తం" అంది.

"ఇంక పడలేదు సిస్టర్," అంది అత్తమ్మ.

నర్సు నా వైపు చూసింది. ఆ పాలలో లాక్టోఫెరిన్ ఎంతుంటుందో నా నోటుపుస్తకంలో నా చేతిరాతతో ఉంది. అది నెలలు నిండని పిల్లలకు ఎందుకు ముఖ్యమో మొన్ననే సెమినార్‌లో నలభై నిమిషాలు మాట్లాడాను. నర్సు చూస్తున్నది. నేను మంచం కడ్డీ వైపు చూశాను. నోరు తెరవలేదు. ఎందుకని నన్ను అడగకండి, నేనే ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. అత్తమ్మ అంటే భయమా? భయపెట్టే మనిషి కాదామె. ఒళ్ళంతా పులిసిపోయి, ఇద్దరు తల్లులు చెరోవైపు కూర్చుని ఉంటే నేను చదువుకున్నదాన్నని మర్చిపోయాను. మూడు రోజులు అలాగే గడిచింది.

నాలుగో రోజు నుంచి తెల్లపాలు కప్పులో పట్టి ఇచ్చాం. ఆరో రోజు పాప ఒళ్ళు చల్లబడింది. రక్తంలో సూక్ష్మజీవులు చేరాయన్నారు. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. తొమ్మిదో రోజు పొద్దున పోయింది.

ఆ పచ్చటి రంగు నన్ను ఇప్పటికీ వదల్లేదు. పెళ్ళిలో అక్షింతలు చేతిలో పోస్తే వేళ్ళు ముడుచుకుపోతాయి. ఉతికి ఆరేసిన పాత బట్ట మీద ఎక్కడైనా పసుపు మరక కనిపిస్తే చూపు తిప్పుకుంటాను, అయినా అది వెనక నుంచి నన్నే చూస్తున్నట్టుంటుంది. నేనూ లెక్చరర్‌నయ్యాక, కాలేజీలో పిల్లలకు పాఠం చెప్తూ చెప్తూ, వెనక బెంచీ దగ్గర నర్సు కప్పు పట్టుకుని నిలబడి ఉందనిపించి ఆగిపోయిన రోజులున్నాయి. పిల్లలు నాకు బీపీ అనుకుంటారు.

నలభై రోజుల తర్వాత ల్యాబుకు వెళ్ళాను. మేడం ఓదార్చలేదు. "ఈ నెల గాజు సామాను కడుగు," అంది. అంతే. నేను నెల రోజులు పరీక్షనాళికలు కడిగాను. ఆమె మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకుని చల్లగది లోపలికీ బయటికీ తిరుగుతూ నా పక్కనుంచి పోయేది. ఒక్కోసారి నా ముందు ఒక లవంగం పెట్టి వెళ్ళేది. ఒకరోజు కడుగుతున్న బీకరు పక్కన పెట్టి అడిగేశాను.

"మేడం, ఆ పాలు తాపితే నా బిడ్డ బతుకుతుండెనా?"

"తెల్వదు."

"ఇరవై ఏండ్ల సంది దీని మీదనే పని చేస్తాన్నరు. తెల్వదంటరా?"

"ఇరవై ఏండ్ల సంది చేస్తాన్న గాబట్టే తెల్వదంటాన్న. బతుకుతుండె అంటె నువ్వు బతకవు. బతకకపోతుండె అంటె అది అబద్ధం. ఏడున్నర నెలల పిల్ల. పాలు పట్టినా పోయిన పిల్లలున్నరు, పట్టకున్నా బతికిన పిల్లలున్నరు. నీ పిల్ల ఏ దిక్కు ఉంటుండెనో నాకు తెల్వదు. ఎవ్వలకు తెల్వదు."

నాకు కోపం నెత్తికెక్కింది. బీకరు సింకులో పడేసి బయటికి వచ్చేశాను. అది పగిలింది కూడా. మూడు వారాలు ఆమె మొహం చూడలేదు. ఒక్క అబద్ధం చెప్తే ఈమె సొమ్మేం పోయింది అనుకున్నాను. ఊళ్ళోవాళ్ళంతా చెప్తూనే ఉన్నారు కదా, దాని ఆయుష్షు అంతే అని. కానీ చిత్రం, వాళ్ళందరి మాటలూ చెవి దాకా వచ్చి జారిపోయాయి. మేడం అన్న "తెల్వదు" మాత్రమే లోపల కూర్చుంది. దాని మీద వాలితే కూలిపోదని ఏదో ధైర్యం. మళ్ళీ వెళ్ళాను. పగిలిన బీకరు గురించి ఆమె అడగలేదు.

ఆ వారమే నాతో ప్రయోగం మొదలుపెట్టించింది. పాలలో వెన్నా విరుగుడూ తీసేసి, మిగిలిన తేటను నిలువు గాజుగొట్టంలో పోసి, పై నుంచి ఉప్పునీళ్ళు మెల్లగా వదులుతారు. లాక్టోఫెరిన్ అన్నిటికంటే చివర దిగుతుంది, ఇనుము పట్టుకుని ఉంటుంది కాబట్టి లేతగులాబీ రంగులో. ఎన్నోసార్లు చూసినదే. కానీ ఆ రోజు ఆ గులాబీ గీత గొట్టంలో కిందికి దిగుతుంటే నాకు పాప అరికాలు గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మేడం కుళాయి కట్టేయలేదు. గొట్టం కింద నాళికలు ఒకటొకటిగా మారుస్తూనే ఉంది.

"ఏడువు," అంది. "కండ్లనీళ్ళల్ల గూడ అదే ఉన్నది."

అది సైన్సు ప్రకారం నిజం. కంటిని కాపాడేందుకు కన్నీళ్ళలో కూడా ఆ ప్రోటీన్ ఉంటుంది. ఓదార్పుగా అన్నదో, పాఠంగా అన్నదో నాకు ఈనాటికీ తేలలేదు.

ఆ తర్వాత సంవత్సరాల్లో లాక్టోఫెరిన్‌కు పేరొచ్చింది. డబ్బాల్లో పొడులొచ్చాయి. ఒకాయన సూటుకేసు తెచ్చుకుని మేడం దగ్గరికి వచ్చాడు. రక్తహీనతకూ, ఎముకలకూ, జలుబుకూ, చర్మానికీ అన్నిటికీ ఇదే మందని కరపత్రం మీద ఆమె పేరు వేసుకుంటానన్నాడు. మేడం ఓపిగ్గా అంతా విని ఎర్రపెన్ను తీసి, ప్రతి రోగం పక్కనా "ఎట్ల తెలుసు?" అని రాసి ఆ కరపత్రం ఆయన చేతిలో పెట్టింది. ఆయన వెళ్ళాక నాతో అంది, "దీని మీద నాకు ఆశ లేదనుకుంటాన్నవా? మస్తున్నది. ఏదో ఒకనాడు మంచి మందైతదేమో. ఆశ ఉన్నోళ్ళే ఎక్కువ అనుమానపడాలె."

నెలలు నిండని పిల్లలకు ఈ ప్రోటీన్ పట్టి చూసిన పరిశోధనలు కూడా వచ్చాయి. చిన్నవాటిలో ఆశ కనిపించింది. తర్వాత ఎక్కువమంది పిల్లలతో పెద్దది ఒకటి జరిగితే, అనుకున్న మేలు కనిపించలేదు. ఆ కాగితాలు మేడం ప్రింటు తీయించి నా బల్ల మీద పెట్టింది. నేను తలుపు వేసుకుని చదివాను. మీతో దాపరికం ఎందుకు, నా గుండె తేలికైంది. పొడి పని చేయకపోతే పాలు మాత్రం ఏం చేసేవి, నా తప్పేం లేదు అనుకున్నాను. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"అది ఆవుపాల నుంచి తీసిన పొడి. నీ పాలు కావు. నీ పాలల్ల అదొక్కటే లేదు, ఇంకెన్నో ఉన్నయి. దీంతోని నిన్ను నువ్వు గెలిపిచ్చుకోకు, ఓడగొట్టుకోకు," అంది.

ఎంత కఠినురాలో చూడండి. దొరికిన ఆ చిన్న గడ్డిపోచను కూడా పట్టుకోనివ్వలేదు. కానీ నేను ఎన్నిసార్లు అడిగినా అదే మొహంతో, అదే గొంతుతో, విసుక్కోకుండా అదే జవాబు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంతకంటే ముందు జరిగింది ఒకటి చెప్పాలి. పాప పోయిన మూడేళ్ళకు బాబు పుట్టాడు. నెలలు నిండాకే. ఆ పొద్దున మేడం కాలేజీకి సెలవు పెట్టి వార్డుకు వచ్చి, అత్తమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. ముర్రుపాల గురించి ఇద్దరికీ పెద్ద గొడవవుతుందని నేను బిక్కచచ్చి ఉన్నాను. మేడం ఆ మాటే ఎత్తలేదు. బర్రెల గురించి మాట్లాడింది. ఎన్ని ఉన్నయి, గడ్డి దొరుకుతున్నదా, దుడ్డెలు మంచిగున్నయా అని.

"దుడ్డెను ఎప్పుడు ఇడుస్తరమ్మా తల్లి కాడికి?" అని అడిగింది.

"గడియసేపు గూడ ఆగం మేడం," అంది అత్తమ్మ ఉషారుగా. "లేవకున్నా మేమే లేపి చన్నుకు పెడ్తం. ఆ మొదటి పాలు పడకుంటె దుడ్డె బతుకుతదా?"

అని ఆగిపోయింది. వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తున్నాడు. మేడం తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి అత్తమ్మ లేచి, ఉయ్యాలలోంచి బాబును తీసి నా ఒళ్ళో పెట్టింది. "పట్టు," అంది. అంతే.

నేను బాబుకు పాలిచ్చాను. ఇస్తున్నంతసేపూ లోపల మండిపోయాను. ఈ పట్టు అనే మాట మూడేళ్ళ కింద ఏమైంది అని. ఆమె మొహంలో నాకు ఏమీ కనిపించలేదు. ఆనాటి సంగతి మర్చిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒకరి జ్వరం ఒకరం చూసుకున్నాం, ఆ పాప ఊసు మాత్రం మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. మేడం నన్ను హెచ్చరిస్తూనే ఉండేది. "ఆమెతోని మాట్లాడు. తిడ్తె తిట్టు, ఏడిస్తె ఏడువు. మాట లోపల ఉంటె పాలు లెక్కనే, గడ్డకడ్తది," అనేది. పోయే ముందు రోజు ఫోన్‌లో కూడా అడిగింది, "మాట్లాడినవా?" అని. "ఈ ఆదివారం మాట్లాడుత మేడం" అన్నాను, ఎప్పటిలాగే. "మంచిది" అని పెట్టేసింది. అదే ఆఖరు.

మేడం పదకొండో రోజు కర్మ డోర్నకల్‌లో, వాళ్ళ తమ్ముడింట్లో చేశారు. నేను బయల్దేరుతుంటే అత్తమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో పక్కింటికి కూడా పోవడం మానేసిన మనిషి. "నేను గూడ వస్త" అంది. వద్దన్నా వినలేదు. అక్కడ అందరూ ఫొటోకు దండం పెట్టి పక్కకు జరిగారు. అత్తమ్మ మాత్రం కదల్లేదు. ఫొటో ముందు నిలబడి పెదవులు కదుపుతున్నది. ఏదో అడుగుతున్నట్టుంది. జవాబు కోసం కాసేపు ఆగి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని వచ్చింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మానుకోట దాటింది. కేసముద్రంలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీద మిరపకాయల ఘాటు లోపలికి కొట్టింది, అందరం దగ్గాం. బండి కదిలాక ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మేడం నీకేమన్న చెప్పిందా?"

"దేని గురించి అత్తమ్మా?"

"ఆ పాలు పట్టనిస్తె... ఆ పిల్ల బతుకుతుండెనా?"

ఈ మాట నేను ఆమెను అడగాలని, నిలదీయాలని ఎన్ని వందలసార్లు మనసులో అనుకున్నానో. ఆమె కూడా అదే మోస్తూ నా పక్కనే తిరిగిందని నాకు ఒక్కరోజు తట్టలేదు.

"దుడ్డె ముచ్చట అడిగిన నాటి సంది నాకు నిద్ర లేదు బిడ్డా," అంది. "మేడంనే అడుగుదామనుకున్న. నోరు రాలే. ఇయ్యాల ఫొటోను అడిగి వచ్చిన."

చెప్పడానికి నా దగ్గర రెండు మాటలున్నాయి. బతికేది అంటే ఇన్నేళ్ళ నా కసి తీరుతుంది. బతికేది కాదు అంటే ఆ ముసలి మనిషి ఈ రాత్రి నిద్రపోతుంది. రెండూ నోటి చివరికి వచ్చాయి. ఎదుటి సీటులో ఎవరూ లేరు, కానీ బుగ్గన లవంగం పెట్టుకుని ఎవరో నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"తెల్వదత్తమ్మా," అన్నాను. "మేడంకు గూడ తెల్వదు. ఎవ్వలకు తెల్వదు. పిండింది నువ్వు. చూసుకుంట ఊకున్నది నేను."

ఆమె ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి మళ్ళీ నా వైపు వంగింది.

"తొట్టెల్ల ఎయ్యకముందే పాయె. పేరు గూడ పెట్టకపోతిమి," అంది. "నేను మనసుల ఒకటి అనుకున్న. గప్పటి సంది దాన్ని గదే పేరుతోని పిలుచుకుంటాన్న. ఎవ్వలకు చెప్పలే."

"నాకు చెప్పు," అన్నాను.

రైలు చప్పుడుకు వినిపించదనుకుందో ఏమో, తన అరచేతిని నా చెవికి అడ్డం పెట్టి, తొట్టెలలో పడుకోబెట్టిన పసిదాని చెవిలో చెప్పినట్టు ఆ పేరు చెప్పింది. మూడుసార్లు. నా చెవికి అడ్డం పెట్టిన ఆ చెయ్యిని ఆమె వరంగల్ స్టేషన్ వచ్చేదాకా తీయలేదు.